చెంచాలో తేలని జబ్బు

ఇచ్ఛాపురంలోనో సోంపేటలోనో పలాసలోనో తెల్లారకముందే రైలెక్కిన వాళ్ళు విశాఖపట్నంలో దిగి, ఆటో మాట్లాడుకొని, కేజీహెచ్‌కి చేరి ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడేసరికి ఎండ ముదురుతుంది. చేతిలో బట్టల కొట్టువాడిచ్చిన ప్లాస్టిక్ సంచి ఉంటుంది. అందులో స్కాన్ ఫిల్ములు, మడతల దగ్గర చిరిగిన ల్యాబ్ కాగితాలు, ఆరోగ్యశ్రీ కార్డు, రబ్బరు బ్యాండు వేసిన మాత్రల అట్టలు. జబ్బేమిటని అడిగితే పేరు చెప్పరు, అంకె చెబుతారు. "క్రియాటిన్ ఆరుంది బావూ." ఆ వెంటనే వాళ్ళే ఒక ప్రశ్న వేస్తారు. "సుగర్ నేదు, బీపీ నేదు, తాగుడు నేదు. మరి కిడ్నీ ఎలాగ పోనాది?"

ఉత్తరాంధ్రలో కిడ్నీ వైద్యం నేర్చుకునే విద్యార్థికి పాఠ్యపుస్తకం కంటే ముందు ఎదురయ్యే ప్రశ్న ఇది. దీనికి జవాబు ఇంకా పూర్తిగా దొరకలేదు. ఎందుకు దొరకలేదో అర్థం కావాలంటే, మూత్రపిండాన్ని వైద్యులు ఏ కాలంలో ఏ సాధనంతో చూశారో వెనక్కి వెళ్ళి చూడాలి. ఒక్కో సాధనం ఒక్కో జబ్బును బయటపెట్టింది, మరో జబ్బును కనిపించకుండా చేసింది. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం ఊళ్ళ జబ్బు సరిగ్గా ఆ కనిపించని చోట పెరిగింది.

మన పాతవాళ్ళకు కిడ్నీ కంటే దాని బాధలే బాగా తెలుసు. ఆయుర్వేదం మూత్రపిండాలను వృక్కాలంది కానీ వాటిని మేదస్సుతో ముడిపెట్టింది. మూత్రం లెక్క వస్తికీ పక్వాశయానికీ రాసింది. మూత్రకృచ్ఛ్రం, అశ్మరి అని లక్షణాలను మాత్రం నిశితంగా వర్ణించింది. మూత్రాశయంలో రాయిని కోసి తీసే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. ఊళ్ళలో ఒళ్ళు నీరు పడితే గలిజేరు, మూత్రం మంటగా ఉంటే పల్లేరు కాయల కషాయం, రాయి ఉందంటే కొండపిండాకు. రాయిని పిండి చేస్తుందన్న నమ్మకం ఆ మొక్క పేరులోనే ఉంది. అన్ని ఆకులూ ఒకటి కావు. ఇదే పెరటి వైద్యంలో గాడిదగడప అనే చేదాకు కూడా ఉంది, దాని సంగతి తరువాత వస్తుంది.

వాపునూ మూత్రాన్నీ కిడ్నీనీ ఒకే తాటి మీదికి తెచ్చినవాడు లండన్ గైస్ ఆస్పత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్. మూత్రంలో గడ్డకట్టే పదార్థం ఉండవచ్చని ఇటలీలో కొటూన్యో అంతకు అరవై ఏళ్ళ ముందే గమనించాడు. బ్రైట్ చేసిన పని ఓపికతో కూడింది. ఒళ్ళంతా నీరు పట్టిన రోగి మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మంట మీద వేడిచేశాడు. అది గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టింది. ఆ రోగి చనిపోయాక పొట్ట విప్పి చూస్తే కిడ్నీలు గట్టిపడి, గరుకు తేలి కనిపించాయి. ఇలా ఒకరి తరువాత ఒకరిని చూసి 1827లో పుస్తకంగా అచ్చువేశాడు. మంచం దగ్గర కనిపించేదాన్నీ, చెంచాలో కనిపించేదాన్నీ, శవపరీక్షలో కనిపించేదాన్నీ కలిపి ఒక జబ్బుగా చెప్పడం అప్పటికి కొత్త. తరువాత నూరేళ్ళ పాటు కిడ్నీ జబ్బంటే 'బ్రైట్ వ్యాధి' అనే పిలుపు నడిచింది. ఇవాళ వార్డులో సిస్టరు మూత్రంలో ముంచి రంగు చూసే పట్టీ ఆ చెంచాకు మునిమనవరాలే.

1923 జులైలో విశాఖపట్నంలో వైద్య కళాశాల మొదలైంది, అదే నెలలో కింగ్ జార్జి ఆస్పత్రి, అంటే ఇవాళ్టి కేజీహెచ్, తెరుచుకుంది. మద్రాసు తరువాత తెలుగు నేల మీదే డాక్టరీ చదివే వీలు కోస్తావాళ్ళకు అప్పుడే కలిగింది. 1940లో ఆ కళాశాల ఆంధ్ర వైద్య కళాశాల అయింది. అప్పటి విద్యార్థులు పుస్తకాల్లో చదివిన కిడ్నీ జబ్బు దాదాపుగా బ్రైట్ చెప్పినదే. వాపు చూడు, మూత్రం కాచి చూడు, ఉప్పు మాన్పించు, మంచమెక్కించు. రోగిని కాపాడే సాధనం ఇంకా లేదు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో చదువు ముగించి సరిగ్గా ఆ 1923లోనే బోస్టన్ చేరాడు. కిడ్నీ కథలో ఆయనకు చోటుందని మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. 1886లో మాక్స్ యాఫే అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు పిక్రిక్ ఆమ్లంలో క్రియాటినిన్ కలిస్తే నారింజ రంగు వస్తుందని కనిపెట్టాడు. ఆ రంగును కొలిచి లెక్కగట్టే పద్ధతిని ఆటో ఫోలిన్ తయారుచేశాడు. హార్వర్డ్‌లో ఆ ఫోలిన్ నడిపిన జీవరసాయన శాఖలోనే సుబ్బారావు పనిచేశాడు. సైరస్ ఫిస్కే‌తో కలిసి 1925లో ఆయన ప్రకటించిన ఫిస్కే-సుబ్బారావు పద్ధతి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలుస్తుంది. కిడ్నీ చెడినప్పుడు ఫాస్ఫరస్ బయటికి పోదు, రక్తంలో పేరుకుంటుంది. ఎముక గుల్లబారడానికీ ఒళ్ళంతా దురదకూ అది ఒక కారణం. డయాలసిస్ రోగి రిపోర్టులో ఫాస్ఫరస్ అనే వరుస చూసినప్పుడల్లా ఒక భీమవరం కుర్రవాడు గుర్తుకు రావడం నాకు అలవాటు.

రక్తాన్ని కొలవడం మొదలైనప్పటి నుంచి వైద్యుడి చూపు చెంచా నుంచి అంకె మీదికి మారింది. అదే గొప్ప, అదే చిక్కు. రెండు కిడ్నీల్లో కలిపి సుమారు ఇరవై లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. రోజుకు 180 లీటర్ల దాకా వడపోస్తాయి, అందులో లీటరున్నర రెండు లీటర్లు తప్ప మిగతాదంతా నాళికలు వెనక్కి లాక్కుంటాయి. సగం నెఫ్రాన్లు చచ్చినా మిగిలిన సగం అదనపు బరువు మోస్తాయి, క్రియాటినిన్ మామూలు హద్దుల్లోనే కనిపిస్తూ ఉంటుంది. పైగా క్రియాటినిన్ కండలోంచి వస్తుంది. కండలేని మనిషిలో అది పుట్టేదే తక్కువ.

ఒక లెక్క చేసి చూడండి. ఇద్దరికి క్రియాటినిన్ 1.2 వచ్చింది. ఒకడు ఇరవై అయిదేళ్ళ కుర్రాడు, ఇంకొకావిడ అరవై ఏళ్ళ జీడిపిక్కల కూలీ. 2021 నాటి సూత్రంలో వయసూ లింగమూ వేస్తే కుర్రాడి వడపోత నిమిషానికి సుమారు 86 మిల్లీలీటర్లు, ఆవిడది సుమారు 52. ఆ కుర్రాడికి భయం లేదు. ఆవిడ మాత్రం మూడు నెలల తరువాత కూడా అక్కడే ఉంటే మూడో దశ కిడ్నీ రోగి. ల్యాబ్ కాగితం మీద ఇద్దరి అంకె కిందా ఎర్రగీత ఉండదు. మూడు నెలలకు పైగా వడపోత 60 కంటే తక్కువ ఉండడం, లేదా కిడ్నీ దెబ్బతిన్న గుర్తు ఉండడం, ఈ రెంటిలో ఏది ఉన్నా దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనే నిర్వచనం, అయిదు దశల మెట్లు 2002లో వచ్చాయి. అంతకు ముందు ఆవిడను ఎవరూ రోగిగా లెక్కపెట్టేవారు కాదు.

మూడో చూపు సూది. 1951లో కోపెన్‌హేగన్‌లో ఇవర్సన్, బ్రున్ అనే ఇద్దరు బతికున్న మనిషి కిడ్నీ నుంచి సూదితో ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టిన పని ప్రకటించారు. దాంతో బ్రైట్ వ్యాధి అనే పెద్ద గొడుగు చిరిగిపోయింది. వడపోత ఉండల్లో జబ్బు వేరు, నాళికల్లో వేరు, రక్తనాళాల్లో వేరు, వాటి మధ్య మెత్తటి కణజాలంలో వేరు. వడపోత ఉండ చెడితే ప్రోటీన్ కారుతుంది, వాపు వస్తుంది. చెంచా పట్టుకునేది ఈ జబ్బునే. నాళికలూ వాటి మధ్య కణజాలమూ చెడితే ప్రోటీన్ పెద్దగా కారదు, వాపు రాదు, బీపీ చాలాకాలం మామూలుగానే ఉంటుంది. కిడ్నీ చప్పుడు లేకుండా మచ్చకట్టి చిన్నదైపోతుంది. ఈ రెండో రకం గుర్తుపెట్టుకోండి.

దేశమంతటా కిడ్నీ చెడడానికి మొదటి కారణం చక్కెర జబ్బు. అందులో వడపోత ఉండలు ఎలా ముడులు కడతాయో 1936లోనే కిమ్మెల్‌స్టీల్, విల్సన్ వర్ణించారు. రక్తపోటు మరో ముఖ్య కారణం. ఆ తరువాత రాళ్ళు, పుట్టుకతో వచ్చే అడ్డంకులు, నీటి తిత్తుల కిడ్నీ, రోగనిరోధక వ్యవస్థ తిరగబడి తెచ్చే జబ్బులు. ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి, ఇక్కడ తిరగరాయను. ఉన్నట్టుండి కిడ్నీ ఆగిపోయే కేసుల్లో మాత్రం ఈ ప్రాంతానికి తనవైన రంగులున్నాయి. పొలంలో రక్తపింజర కాటు, ఏజెన్సీ నుంచి దిగివచ్చే ఫాల్సిపరం మలేరియా, వానాకాలంలో ఎలుక జ్వరం. వీటికి తోడు ఆంధ్ర వైద్యులు ప్రపంచ వైద్య పత్రికలకు ఎక్కించిన ఒక విషాదం ఉంది, జుట్టు రంగు తాగడం. అందులోని పారాఫినిలిన్ డయామిన్ ముందు ముఖాన్నీ మెడనూ ఉబ్బించి ఊపిరి ఆపుతుంది. గొంతు కోసి గొట్టం పెట్టి ఊపిరి నిలిపితే, మర్నాటికి కండలు కరిగి మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తుంది, కిడ్నీ ఆగిపోతుంది. ఇలాంటి రోగికి కొద్దివారాలు డయాలసిస్ చేసి నిలబెడితే కిడ్నీ తిరిగి కోలుకోవచ్చు.

ఆ డయాలసిస్ పుట్టింది యుద్ధకాలపు హాలండ్‌లో. విల్లెం కోల్ఫ్ 1943లో కాంపెన్ పట్టణంలో సాసేజి తొడుగుగా వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని చెక్క డ్రమ్ముకు చుట్టి, ఉప్పునీటి తొట్టిలో తిప్పి, దాని గుండా రోగి రక్తాన్ని పోనిచ్చాడు. మొదటి రోగుల్లో దాదాపు అందరూ పోయారు. 1945లో అరవై ఏడేళ్ళ ఒకావిడ కళ్ళు తెరిచింది. అయినా ప్రతిసారీ కొత్త రక్తనాళం కోయాలి కాబట్టి, కిడ్నీ శాశ్వతంగా పోయినవాడికి అది పనికిరాలేదు. 1960లో మరో రేవుపట్నం సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతి ధమనికీ సిరకూ టెఫ్లాన్ గొట్టం శాశ్వతంగా అమర్చి ఆ చిక్కు విప్పాడు. ఆయన మొదటి రోగి బోయింగ్ కర్మాగారంలో మెషినిస్టు, మరో పదకొండేళ్ళు బతికాడు. యంత్రాలు కొన్ని, రోగులు వందలు. ఎవరికి యంత్రం ఇవ్వాలో తేల్చడానికి ఆ ఊళ్ళో పేర్లు బయటపెట్టని ఒక సంఘం కూర్చుంది. ఉద్యోగం ఉందా, పిల్లలున్నారా, చర్చికి వెళతాడా అని కూడా అడిగారు. 1966లో సిమీనో, బ్రెస్కియా గొట్టం లేకుండా ధమనినీ సిరనూ నేరుగా కలిపి కుట్టారు. అదే ఫిస్టులా. మణికట్టు పైన తాడులా ఉబ్బిన ఆ సిర మీద వేలు పెడితే పిల్లి గుర్రుమన్నట్టు అదురుతుంది. అదురుంటేనే ఫిస్టులా బతికున్నట్టు. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, రక్తం తీయకూడదు. రోగికి తెలిసినంత బాగా ఇది కొత్త హౌస్ సర్జనుకు తెలియదు, రోగే చెయ్యి వెనక్కి లాక్కుంటాడు.

కిడ్నీ మార్పిడి కథ మళ్ళీ బోస్టన్‌కు తీసుకెళుతుంది. 1954 డిసెంబరులో పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆస్పత్రిలో జోసెఫ్ మర్రే కవల సోదరుల్లో ఒకరి కిడ్నీని ఇంకొకరికి అమర్చాడు. ఒకే పోలిక కవలలు కనక శరీరం తిప్పికొట్టలేదు. మందులు వచ్చాక, ముఖ్యంగా 1980ల్లో సైక్లోస్పోరిన్ వచ్చాక, ఇతరులకూ దారి తెరుచుకుంది. మన దేశంలో 1971లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మార్పిడి విజయవంతమైంది. దాని వెంటే అమ్మకాలూ వచ్చాయి, వాటిని ఆపడానికి 1994 చట్టం వచ్చింది. చనిపోయినవారి అవయవాలు పంచే జీవన్‌దాన్ 2013లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. చట్టం వచ్చాక కూడా కిడ్నీ దళారుల వార్తల్లో విశాఖ పేరు వినిపిస్తూనే ఉంది. కొనేవాడి ప్రాణభయమూ అమ్మేవాడి అప్పూ రెండూ నిజమే, మధ్యవాడి లాభం మాత్రం ఎవరి అవసరమూ కాదు.

పేదవాడికి యంత్రం అందుబాటులోకి రావడం వేరే చరిత్ర. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదట మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. సంఘం కూర్చుని మనిషి యోగ్యత తూచే పని లేకుండా రేషను కార్డు చూసి డయాలసిస్ ఇచ్చే రోజు వచ్చింది. ఆ వెసులుబాటుతోనే శ్రీకాకుళం తీరంలో కిడ్నీ రోగులు ఎంతమంది ఉన్నారన్నది కళ్ళకు కట్టింది.

ఉద్దానం అంటే ఉద్యానవనమే. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస, మునగ కలిసి పెరిగే ఇసుకనేల. జీడిపప్పుకు పలాస పేరు దేశమంతా తెలుసు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఆ చెట్లను పడగొట్టిన తీరు చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ పచ్చటి ఊళ్ళలో పని చేసుకుంటున్న నడివయసువాళ్ళు నీరసించి, ఆకలి చచ్చి, రక్తం తగ్గి ఆస్పత్రికి వచ్చేసరికే కిడ్నీ ముగిసిపోయి ఉండడం 1990ల నుంచి స్థానిక వైద్యుల కంటబడింది. వాళ్ళు పంపిన రోగులు కేజీహెచ్‌కు చేరారు. అక్కడి నెఫ్రాలజిస్టు, తరువాత ఆరోగ్య విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ అయిన డాక్టర్ టి. రవిరాజు, రోగులు వచ్చేదాకా ఆగకుండా ఊళ్ళకు వెళ్ళి పరీక్షలు చేయించడం మొదలుపెట్టాడు. ఆస్పత్రి రికార్డులో ఒక్కొక్కటిగా కనిపించిన కేసులు ఊరి పటం మీద పెట్టేసరికి గుంపు కట్టాయి. ఎపిడెమియాలజీ అనే మాటకు ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

2017లో విషయం రాజకీయంగా రాజుకుంది. జనవరిలో పవన్ కల్యాణ్ ఆ ఊళ్ళకు వెళ్ళాడు. ఆ ఏడాదే హార్వర్డ్ నుంచి జోసెఫ్ బోన్‌వెంత్ర్ బృందం విశాఖకు వచ్చింది. ఆయన పనిచేసేది మర్రే మార్పిడి చేసిన బ్రిగ్‌హామ్ ఆస్పత్రిలోనే. సుబ్బారావు వెళ్ళిన ఊరి నుంచి తొంభై నాలుగేళ్ళకు ఒక బదులు వచ్చినట్టయింది.

సర్వేల ఫలితాలు 2019, 2020ల్లో అచ్చయ్యాయి. రవిరాజు బృందం చూసిన వయోజనుల్లో నూటికి పద్దెనిమిది మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉంది, వాళ్ళలో ఎక్కువమందికి చక్కెరా రక్తపోటూ లాంటి తెలిసిన కారణం లేదు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 67 ఊళ్ళలో సుమారు 2,400 మందిని చూస్తే అయిదుగురిలో ఒకరికి జబ్బుంది. ప్రపంచ సగటు పదిమందిలో ఒకరు. సగటుకు రెట్టింపు కావడం ఒక్కటే విశేషం కాదు. మూత్రంలో ప్రోటీన్ స్వల్పం, కిడ్నీలు చిన్నవి, ముక్క తీస్తే నాళికల మధ్య మచ్చలు. అంటే ఇందాక గుర్తుపెట్టుకోమన్న రెండో రకం. బ్రైట్ చెంచా ఇక్కడ తెల్లబడదు. క్రియాటినిన్ అంకె ఆలస్యంగా పలుకుతుంది. బయాప్సీ చేసేసరికి మిగిలింది మచ్చే, ఆ మచ్చను పెట్టిందెవరో మచ్చ చెప్పదు. రెండు వందల ఏళ్ళలో సంపాదించిన మూడు చూపులూ ఒకేచోట మసకబారాయి.

నిందితుల జాబితా పొడవైనదే. మొదటి అనుమానం నీటి మీద. హైదరాబాదు ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రజ్ఞులు అక్కడి తాగునీటిని పరీక్షించి 2013లో పత్రం ప్రకటించారు. నీటిలో సిలికా మీద అప్పటి నుంచి చర్చ నడుస్తూనే ఉంది. పురుగుమందులు, భారలోహాలు, వేడి, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం ఒకదాని వెంట ఒకటి బోనెక్కాయి. ఒక్కదాని మీదా నేరం రుజువు కాలేదు. నా మటుకు నాకు నొప్పి మాత్రలను ఒంటరిగా బోనులో నిలబెట్టడం అన్యాయమనిపిస్తుంది. రోజంతా వంగి పనిచేసేవాడు సాయంత్రం కిళ్ళీకొట్టులో డైక్లోఫెనాక్ కొనుక్కోవడం ఉద్దానంలోనే కాదు, రాష్ట్రమంతటా ఉంది. అది జబ్బును ఎగదోస్తుంది, మొదలుపెట్టిందని చెప్పలేం. అయినా ఓపీలో మొదట మాన్పించవలసినది అదే.

ఇలాంటి జబ్బు మనకొక్కళ్ళకే లేదు. 1950ల్లో బల్గేరియా, యుగోస్లావియా, రుమేనియాల్లో దాన్యూబ్ ఉపనదుల పక్క ఊళ్ళలో ఇదే రకం కిడ్నీ జబ్బు గుంపులుగా కనిపించింది. లోహాలు, బూజు, వైరస్ అని దశాబ్దాల పాటు వెతికారు. తాళంచెవి వేరేచోట దొరికింది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడడానికి చైనా మూలికల మాత్రలు మింగిన ఆడవాళ్ళకు కిడ్నీలు పోయాయి. ఆ మాత్రల్లో పొరపాటున కలిసింది ఆరిస్టలోకియా జాతి మొక్క. దాన్యూబ్ ఊళ్ళలో గోధుమ చేలో కలుపుగా పెరిగి, గింజలతో కలిసి పిండిమరకు వెళ్ళి రొట్టెలోకి చేరినదీ అదే జాతి. ఆ విషం జన్యుపదార్థం మీద తన వేలిముద్ర వదులుతుంది కనక నేరం రుజువైంది. మన గాడిదగడప కూడా ఆ కుటుంబానిదే. ఉద్దానానికి అదే కారణమని ఎవరూ తేల్చలేదు, కానీ ఆకుపసరు వాడారా అని రోగిని అడగడం మానకూడదు.

ఎల్ సాల్వడార్ చెరకు తోటల కూలీల్లో ఇదే తీరు జబ్బును 2002లో అక్కడి వైద్యులు ప్రకటించారు. అక్కడ ఎండే ప్రధాన నిందితుడు. ఎండలో నీళ్ళు లేకుండా పనిచేసినప్పుడు కిడ్నీకి రక్తం తగ్గుతుంది, నాళికలు కాస్త దెబ్బతిని రాత్రికి కోలుకుంటాయి, మర్నాడు మళ్ళీ అదే. ఏళ్ళ తరబడి ఆ చిన్న దెబ్బలే మచ్చ కడతాయన్నది వాదన. శ్రీలంకలో అనూరాధపురం చుట్టుపక్కల వరి రైతుల్లోనూ ఇలాంటిదే ఉంది. మధ్య అమెరికాలో రోగుల్లో మగవాళ్ళు చాలా ఎక్కువ, ఉద్దానంలో ఆడవాళ్ళూ గణనీయంగానే ఉన్నారు. అందుకని ఎండ ఒక్కదానితో ఇక్కడి కథ ముగియదు.

ఎండ సంగతి విశాఖకు బొత్తిగా పరాయిది కాదు. ఉక్కు ఫ్యాక్టరీకి 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసినప్పటి నుంచి ఈ ఊరికి కొలిమి ఒక బతుకుతెరువు. కోక్ ఓవెన్ల మీద పనిచేసేవాడికి మే నెల ఎండకు తోడు కింద ఉన్న ఓవెన్ వేడి అదనం. దక్షిణాది ఉక్కు కార్మికుల మీద చెన్నై పరిశోధకులు చేసిన అధ్యయనాల్లో వేడికి లోనయ్యేవారిలో కిడ్నీ రాళ్ళు ఎక్కువగా కనిపించాయి. ఉద్దానం కుర్రాళ్ళు కూలికి వచ్చేది కూడా విశాఖ రేవుకూ భవనాల పనులకే. వాళ్ళు వచ్చేటప్పుడు ఏ కిడ్నీతో వచ్చారో, ఇక్కడి వేడి దానికేం చేసిందో విడదీసి చూడడం విశాఖ వైద్యులకే వీలైన పని.

చికిత్సలో ఈ మధ్య వచ్చిన మంచి మార్పు, కిడ్నీ క్షీణతను నెమ్మదింపజేసే మందులు. ఏసీఈ నిరోధకాలు 1990ల్లో చక్కెర రోగుల కిడ్నీని కాపాడతాయని రుజువైంది, 2020 నుంచి చక్కెర లేనివారికీ డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి తోడయ్యాయి. రక్తం తగ్గితే ఎరిత్రోపోయిటిన్ సూదులు, ఆమ్లం పెరిగితే సోడా మాత్రలు. కాకపోతే ఈ మందుల ప్రయోగాల్లో ఎక్కువమంది రోగులు ప్రోటీన్ కారేవాళ్ళు. ప్రోటీన్ కారని కిడ్నీకి వాటి మేలు ఎంతన్నది జాగ్రత్తగా చెప్పాలి.

ప్రభుత్వం మేలుకున్నాక పనులు వేగంగానే జరిగాయి. సోంపేట, పలాస వైపు డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. 2019లో డయాలసిస్ రోగి పింఛను నెలకు 10,000 రూపాయలైంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రీ కిడ్నీ పరిశోధన కేంద్రమూ తెరుచుకున్నాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని 807 ఊళ్ళకు తెచ్చే 700 కోట్ల పథకం కూడా అప్పుడే మొదలైంది. ఒక చిన్న విడ్డూరం చూడండి. కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకు పరిశోధకులు పెట్టుకున్న పొడి అక్షరాలు 'సీకేడీయూ'. చివరి 'యూ' తెలియదు అనడానికి గుర్తు. ఆ నాలుగక్షరాలూ ఇప్పుడు పింఛను జాబితాలో ఒక తరగతి పేరు. క్రియాటినిన్ అయిదు దాటినా, వడపోత పదిహేను లోపుకు పడినా, స్కాన్‌లో కిడ్నీ ముడుచుకుపోయినా అర్హత. బ్రైట్ శవం కోసి చూసిన ముడుచుకున్న కిడ్నీ, రెండు వందల ఏళ్ళ తరువాత సచివాలయం కౌంటరు దగ్గర బతికున్న మనిషి చేతి కాగితంలో ఉంది. అయిదు దాటితేనే డబ్బు, కానీ వైద్యం పనిచేసేది అయిదు దాటకముందు.

నీరే కారణమైతే వంశధార నీళ్ళు తాగి పెరుగుతున్న పిల్లలకు ఈ జబ్బు రాకూడదు. అది తేలడానికి పాతిక ముప్ఫై ఏళ్ళు పడుతుంది, అంటే ఇప్పుడు హౌస్ సర్జన్లుగా ఉన్నవాళ్ళు రిటైర్మెంటుకు దగ్గరపడే నాటికి. అప్పుడు పోల్చి చూడాలంటే ఎవరు ఏ నీళ్ళు ఎంతకాలం తాగారో ఇప్పుడు రాసిపెట్టి ఉండాలి. మామూలు కేసు షీటులో ఊరి పేరుకు గడి ఉంటుంది, వృత్తికి గడి ఉంటుంది, తాగిన బావికి ఉండదు. కొందరు పీజీ విద్యార్థులు మార్జిన్‌లో పెన్సిలుతో రాస్తారు. ఇంటి బావా, ఊరి బోరా, పుట్టింటిదా, అత్తింటిదా, కుళాయి ఎప్పుడొచ్చింది. సంచి పట్టుకొని నిలబడ్డ ఆవిడ అన్నింటికీ వేళ్ళు లెక్కపెట్టుకుంటూ జవాబు చెప్పి, మధ్యాహ్నం పలాస బండికి టైమవుతోందని గుర్తుచేస్తుంది.